1881 డిసెంబరు 11: నీళ్లు మోసేవాళ్లు కూడా రాని పెళ్లి

ఈ ఎపిసోడ్ రెండు వారాలు లేటయింది, ముందుగా సారీ. కారణం మా చెల్లి పెళ్లి. మాఘమాసంలో ముహూర్తం. నేను ఐదేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసి వచ్చినవాణ్ని కదా, ఇంట్లో అందరూ కంగారు పడుతుంటే "ఆగండి, నేను ప్లాన్ చేస్తా" అని ఒక ఎక్సెల్ షీట్ ఓపెన్ చేశాను. పని ఏంటి, ఎప్పటికి అవ్వాలి, ఖర్చెంత, ఎవరు చూసుకోవాలి, ఎక్కడిదాకా వచ్చింది. ఐదు కాలమ్స్. మొదటి రోజు ముప్పై వరసలు. వారం తిరిగేసరికి నూట నలభై. టెన్షన్ తగ్గించడానికి పెట్టిన షీట్ చూస్తేనే టెన్షన్ వచ్చే పరిస్థితి. రాత్రి పదకొండింటికి అమ్మ ఫోన్ చేసి, "ఒరేయ్, గుమ్మాలకి మామిడాకులు అందులో రాశావా?" అంటుంది. రాయలేదు. నూట నలభై ఒకటి.

ఈ గొడవలో ఉండగానే వేరే ఎపిసోడ్ కోసం కందుకూరి వీరేశలింగం గారి గురించి చదువుతున్నాను. మనందరం స్కూల్లో చదివిందే. ఒక మార్కు ప్రశ్న: ఆయన తొలి వితంతు వివాహం ఎప్పుడు, ఎక్కడ జరిపించారు? 1881 డిసెంబరు 11, రాజమండ్రి. రాసేశాం, మార్కు వచ్చేసింది, మర్చిపోయాం. కానీ ఈసారి చదువుతుంటే ఒక చిన్న వివరం దగ్గర ఆగిపోయాను. ఆ పెళ్లికి వంటవాళ్లు రామన్నారు. నీళ్లు మోసేవాళ్లు కూడా రామన్నారు.

పక్క విండోలో నా షీట్ ఓపెన్ అయ్యే ఉంది. అందులో "వంట" ఒక వరస, "నీళ్లు" ఒక వరస. ఆ రెండు వరసల ఎదురుగా ఎవరి పేరూ లేకపోతే ఏం జరుగుతుంది?

కాబట్టి ఈరోజు కథ అది. సంఘసంస్కరణ, చట్టం, వాదోపవాదాలు, వీటి గురించి చాలామంది చెప్పారు. నాకు కావలసింది కొంచెం మామూలు ప్రశ్న. ఊరంతా వద్దంటున్న పెళ్లిని ఒక బడిపంతులు అసలు ఎలా ఏర్పాటు చేశాడు?

దానికి ముందు ఒక విషయం తెలియాలి. ఆ రోజుల్లో మామూలు పెళ్లి ఎలా నడిచేది?

పై కులాల్లో, స్తోమత ఉన్నవాళ్ల ఇళ్లలో ఐదు రోజుల పెళ్లి. "ఐదు రోజుల పెళ్లి" అనగానే మనకి సినిమాల్లో సంగీత్, మెహందీ గుర్తొస్తాయి గానీ, ఇది వేరు. స్నాతకం, ఎదురుకోలు, కన్యాదానం, జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, హోమాలు, నాగవల్లి, ఊరేగింపు, అప్పగింతలు. ప్రతిరోజూ రెండు పూటలా భోజనాలు. వచ్చిన చుట్టాలు వారం రోజులు ఇంట్లోనే. కరెంటు లేదు, కుళాయి లేదు, గ్యాస్ లేదు. ఇప్పటి పెళ్లితో పోలిస్తే పని ఎన్ని రెట్లో ఆలోచించండి.

మరి వాళ్లకి ఎందుకు పిచ్చెక్కలేదు?

మా అమ్మమ్మని అడిగాను. ఆవిడ పెళ్లి 1963లో, తణుకు దగ్గర పల్లెటూళ్లో. అప్పటికే ఐదు రోజులు మూడు రోజులైంది. "ప్లాన్ ఏమిటిరా? వచ్చినవాళ్లకి వాళ్ల పని తెలుసు" అంది. అంతే. ఇంకేం చెప్పలేదు. కాసేపాగి తనే మొదలుపెట్టింది. కుమ్మరి ఇంటికి మేళతాళాలతో వెళ్లి అరివేణి కుండలు తెచ్చుకునేవారు. తెలంగాణలో వీటినే ఐరేని కుండలు అంటారు. తాళి కంసాలి చేసేవాడు. పెళ్లి పీటలు వడ్రంగి చేసేవాడు. తలంబ్రాల బుట్టలు మేదర్లు అల్లేవారు. సన్నాయి, డోలు నాయీబ్రాహ్మణులవి. దారిలో బట్టలు పరవడం, రాత్రి ఊరేగింపులో దివిటీలు పట్టడం రజకుల పని. పందిరికి తాటాకులు ఎవరు కొట్టుకొస్తారో, రాట ఎవరు పాతుతారో కూడా ముందే ఖాయం. ఇంట్లో పెత్తనం పెద్ద ముత్తైదువులది. పసుపు దంచేది ఎవరు, తలంబ్రాల బియ్యం కలిపేది ఎవరు, మంగళహారతి పాడేది ఎవరు, అన్నీ వరసల్ని బట్టి ఉండేవి. మేనమామ పెళ్లికూతుర్ని బుట్టలో తీసుకురావాలి. ఆ పని ఆయనది. ఆయనకి రిమైండర్ పెట్టక్కర్లేదు.

నా భాషలో చెప్పాలంటే షీట్ అక్కర్లేదు, షీటే ఊరు. ఊరి కట్టుబాటులోనే ఆ కాలమ్స్ అన్నీ ఉన్నాయి.

ఇక్కడ ఒక్క నిమిషం. "ఆహా, ఆ రోజులే వేరు, అందరూ కలిసి చేసుకునేవారు" అని నేను పాట ఎత్తుకోను. ఆ కట్టుబాటులో ఎవరి పని ఏమిటో పుట్టుకతోనే రాసిపెట్టి ఉండేది. చాలామందికి ఇచ్చేది కొంచెం ధాన్యం, ఒక పంచె, మిగిలిన భోజనం. "నేను చెయ్యను" అనే అవకాశం వాళ్లకి లేదు. ఇంట్లో ఆడవాళ్లకీ లేదు. పెళ్లివాళ్లకి టెన్షన్ లేకపోవడానికి కారణం ఆ బరువు వేరేవాళ్ల నెత్తిన ఉండటం. అది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

సరే. ఇప్పుడు రాజమండ్రికి వద్దాం.

వితంతువులు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చు అని చట్టం వచ్చింది 1856లో. అదే ఏడాది డిసెంబరు 7న కలకత్తాలో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పూనుకుని, ఆ చట్టం కింద తొలి పెళ్లి జరిపించారు. తెలుగు నేల మీద వీరేశలింగం గారి ఇంట్లో పెళ్లి జరిగింది 1881లో. మధ్యలో పాతికేళ్లు. చట్టం ఉంది, పెళ్లి లేదు.

"తొలి" అన్న మాటని కూడా జాగ్రత్తగా వాడాలి. చాలా కులాల్లో మారుమనువు ఎప్పట్నుంచో ఉంది. భర్త పోతేనో, విడిపోతేనో ఇంకొకరిని కట్టుకోవడం వాళ్లకి మామూలు విషయం. నిషేధం గట్టిగా ఉన్నది బ్రాహ్మణుల్లో, వాళ్లని చూసి నడిచే మరికొన్ని కులాల్లో. అక్కడ ఆడపిల్లకి ఐదారేళ్లకీ ఎనిమిదేళ్లకీ పెళ్లి చేసేవారు. కొన్నిసార్లు మొగుడు ముసలివాడు. ఆయన పోతే ఆ పిల్ల బతుకంతా అలాగే. గుండు చేయించి, ఒంటిపూట తిండి పెట్టి, ఏ శుభకార్యానికీ ఎదురు రావద్దనేవారు. పెళ్లంటే ఏమిటో తెలియకముందే వితంతువైన పిల్లలు. పందెం ఏమిటో అర్థమైంది కదా. అక్కడ ఉన్నది ఒక పిల్ల జీవితం.

వీరేశలింగం గారికి 1881లో ముప్పై మూడేళ్లు. తెలుగు పండితుడు, బడిలో పాఠాలు చెప్పే ఉద్యోగం. "వివేకవర్ధని" అని 1874 నుంచి పత్రిక నడుపుతున్నారు. 1879లో వితంతు వివాహం మీద బహిరంగంగా ఉపన్యాసం ఇచ్చారు. శాస్త్రాల్లోంచే ఆధారాలు చూపించి మాట్లాడారు. పండితులు ఖండించారు, ఆయన తిరిగి ఖండించారు, పత్రికల్లో గొడవ. ఇదంతా మాటల దశ. మాటల దశలో నష్టం తక్కువ. ఎవరో ఒకరు నిజంగా పీటల మీద కూర్చుంటేనే అసలు సంగతి తేలుతుంది.

ఇప్పుడు ఆయన స్థానంలో ఉండి షీట్ ఓపెన్ చేద్దాం.

మొదటి వరస, వధువు. సంబంధాలు చూసే పెళ్లిళ్ల పేరయ్య ఈ పనికి రాడు. పిల్ల తరఫువాళ్లు ఒప్పుకోవాలి, ఒప్పుకున్న సంగతి బయటికి పొక్కకూడదు. పొక్కితే బంధువులే అడ్డం పడతారు. రెండో వరస, వరుడు. ఇతను ఈ పెళ్లి చేసుకుంటే రేపట్నుంచి సొంత అన్నదమ్ములు కూడా కలిసి భోంచెయ్యరు. చివరికి ఆ పీటల మీద కూర్చున్నవాళ్ల పేర్లు గోగులపాటి శ్రీరాములు, గౌరమ్మ. మన ఒక మార్కు ప్రశ్నలో ఈ పేర్లు ఎప్పుడూ అడగలేదు. నాకు అది కొంచెం అన్యాయంగా అనిపిస్తుంది. పెళ్లి వాళ్లది కదా.

మూడో వరస, డబ్బు. కాకినాడ వ్యాపారి పైడా రామకృష్ణయ్య గారు ముందుకొచ్చారు. వేల రూపాయల సాయం. అప్పట్లో వేలు అంటే మామూలు విషయం కాదు. ఈ డబ్బు పెళ్లి ఖర్చుకి మాత్రమే కాదు. పెళ్లయ్యాక ఆ జంట ఎక్కడుండాలి, ఏం తినాలి, వరుడి ఉద్యోగానికి ఇబ్బంది వస్తే ఎలా, ఇవన్నీ ఉన్నాయి. మన పెళ్లి బడ్జెట్ అప్పగింతలతో ముగుస్తుంది. వీళ్లది అక్కడ మొదలవుతుంది. ఇంకో మాట, అప్పటికి రాజమండ్రికి రైలు లేదు. గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన వచ్చింది 1900లో. కాకినాడ నుంచి మనిషి రావాలన్నా కబురు రావాలన్నా కాలవలో పడవో, రోడ్డు మీద బండో.

నాలుగో వరస పురోహితుడు. ఇది చదివినప్పుడు నాకు మొదట ఒక డౌట్ వచ్చింది. ఇంత గొడవ ఎందుకు, పురోహితుడు లేకుండా దండలు మార్చుకుంటే సరిపోయేది కదా? సరిపోదు. 1856 చట్టంలో ఆరో సెక్షన్ ఉంది. మొదటిసారి పెళ్లి చేసుకునే హిందూ ఆడపిల్లకి ఏ మంత్రాలు, ఏ తంతు జరిగితే ఆ పెళ్లి చెల్లుతుందో, వితంతువుకీ అదే తంతు జరిగితే అలాగే చెల్లుతుంది అని దాని సారాంశం. అంటే ఈ పెళ్లి చెల్లాలంటే అన్ని పెళ్లిళ్లలాగే జరగాలి. పందిరి ఉండాలి, హోమం ఉండాలి, మంత్రం చెప్పేవాడు ఉండాలి. ఒక్క తంతు వదిలేసినా రేపు కోర్టులో "ఇది పెళ్లే కాదు" అనొచ్చు. ఊళ్లో అయితే కోర్టు దాకా కూడా అక్కర్లేదు.

ఇంకోవైపు పురోహితుడి సంగతి చూడండి. ఈ ఒక్క పెళ్లి చేయిస్తే ఆయన్ని ఇంకే ఇంటికీ పిలవరు. తద్దినానికి పిలవరు, సత్యనారాయణ వ్రతానికి పిలవరు. ఒక్క రోజు సంభావన కోసం జీవితాంతం సంపాదన వదులుకోవాలి. వద్దన్నవాళ్లని తిట్టడం సులువు. నేనైతే తిట్టలేను.

అదే చట్టంలో రెండో సెక్షన్ కూడా ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. మళ్లీ పెళ్లి చేసుకున్న స్త్రీకి చనిపోయిన భర్త ఆస్తి మీద హక్కు పోతుంది. ఆ ఆస్తి లెక్కలో ఆవిడ చనిపోయినట్టే. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకోవడం అంటే ఇదే.

ఇక భద్రత. దీనికి మన పెళ్లి షీట్లో వరసే ఉండదు. రాజమండ్రిలో ఆ పెళ్లికి పోలీసు బందోబస్తు కావలసి వచ్చింది. ఆయన దగ్గర చదువుకునే విద్యార్థులు అండగా నిలబడ్డారు. ఆత్మూరి లక్ష్మీనరసింహం గారి లాంటి పెద్దలు కొందరు నిలబడ్డారు. అతిథుల లిస్టు అంటే మనకి ఎవరిని వదిలేస్తే ఎవరికి కోపమొస్తుందో అన్న భయం. అక్కడ భయం వచ్చేవాళ్లది. పెళ్లికి వెళ్లి భోంచేసినవాణ్ని వెలివేస్తారు. వెలి అంటే ఏదో వాట్సాప్ గ్రూపులోంచి తీసేయడం కాదు. మీ ఇంట్లో ఎవరూ తినరు, వాళ్ల ఇంట్లో మీకు పెట్టరు. మీ ఇంటికి పురోహితుడు రాడు, మీ పిల్లకి సంబంధం రాదు. ఇంట్లో ఎవరైనా పోతే మోయడానికి నలుగురు దొరకరు. ఒక పూట భోజనానికి ఇంత మూల్యం ఉన్నప్పుడు, ఆ పూట విస్తరి ముందు కూర్చున్న ప్రతి మనిషీ లెక్కే.

ఇప్పుడు నేను ఆగిపోయిన చోటికి వచ్చాం. వంట, నీళ్లు.

వంటవాళ్లు రామన్నారు. నీళ్లవాళ్లు రామన్నారు. ఇక్కడ వీరేశలింగం గారి పత్రిక పనికిరాదు. ఉపన్యాసం పనికిరాదు. పైడా వారి డబ్బూ పనికిరాదు, ఎందుకంటే డబ్బిచ్చినా రారు. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు స్వయంగా గోదావరికి వెళ్లి నీళ్లు మోసుకొచ్చారు. ఆవిడే వండారు. ఆవిడే పెళ్లివాళ్లకి వడ్డించారు.

పుస్తకాల్లో ఇది రెండు వాక్యాలు. నేను కూడా చాలాసార్లు చదివి దాటేశాను. ఈసారి దాటలేకపోయాను. ఎందుకంటే మా కేటరర్ నన్ను "సార్, నీళ్ల క్యాన్లు ఎన్ని కావాలి" అని అప్పటికే మూడుసార్లు అడిగి ఉన్నాడు.

ఒక లెక్క వేద్దాం. ఇది నా లెక్క, చరిత్ర కాదు. యాభై మంది భోంచేశారనుకోండి. వండటానికి, తాగడానికి, చేతులు కడగడానికి, గిన్నెలు తోమడానికి, కాళ్లు కడిగే తంతుకి, అన్నీ కలిపి మనిషికి పది లీటర్లే వేసుకుందాం. ఐదు వందల లీటర్లు. ఇత్తడి బిందెకి పదో పన్నెండో లీటర్లు. నలభై బిందెల పైమాటే. రేవు దాకా దిగడం, నింపడం, చంకన పెట్టుకుని మెట్లెక్కడం, వీధుల్లోంచి నడుచుకుంటూ రావడం, మళ్లీ వెళ్లడం. ఆ వీధుల్లో తలుపుల వెనక నుంచి చూస్తున్నవాళ్లు ఎవరు? నిన్నటిదాకా పేరంటానికి పిలిచినవాళ్లు. రేవులో పక్కన బిందె ముంచుతున్నవాళ్లు ఎవరు? వాళ్లే.

ఉపన్యాసం ఇచ్చేటప్పుడు జనం ఎదురుగా ఉంటారు, అరిస్తే తిరిగి అరవొచ్చు. రేవులో అలా కాదు. ఎవరూ ఏమీ అనరు, పక్కకి జరుగుతారు. అది ఒక్కసారి కాదు, బిందె బిందెకీ.

ఆవిడ అసలు పేరు బాపమ్మ. అత్తవారింటికి వచ్చాక అత్తగారు తన తల్లి పేరు పెట్టుకుని రాజ్యలక్ష్మి అని పిలిచారు. చిన్నప్పుడే పెళ్లై వచ్చిన మనిషి. ఆమె సంగతి చెప్పేటప్పుడు "భర్తకి అండగా నిలిచింది" అనే రాస్తారు. నాకు ఆ మాట సరిపోదనిపిస్తుంది. ఆ రోజు పెళ్లి ఆగిపోకుండా చూసింది ఆవిడ. పోలీసులు వీధిలో ఉన్నా, మంత్రాలు సరిగ్గా చదివినా, నీళ్లు లేకపోతే పెళ్లి లేదు. షీట్లో ఒక పని ఆగితే దాని వెనకున్నవన్నీ ఆగిపోతాయి చూడండి, దాన్ని మేం ఆఫీసులో బ్లాకర్ అనేవాళ్లం. ఆ రోజు బ్లాకర్ తీసింది ఆవిడ బిందె.

ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను కదా. మామూలు పెళ్లిలో ఎన్ని చేతులు పనిచేస్తాయో ఎవరికీ కనబడదు. అవి ఎప్పుడూ అక్కడే ఉంటాయి కాబట్టి. ఊరు ఆ చేతుల్ని వెనక్కి తీసేసుకున్నప్పుడు మొత్తం లిస్టు బయటపడింది. వెలివేత అంటే అదే. నిన్ను కొట్టక్కర్లేదు, నీ పని చెయ్యకపోతే చాలు. ఆ లిస్టులో అన్నిటికన్నా కింద ఉన్న వరస, ఏనాడూ ఎవరూ పట్టించుకోని నీళ్ల వరస, అదే పెళ్లిని ఆపగలిగేది.

ఆ తర్వాత ఏమైందో త్వరగా చెప్తాను. పెళ్లి జరిగింది. పెళ్లికి వెళ్లినవాళ్లని వెలివేశారు. ప్రాయశ్చిత్తం చేసుకోమని ఒత్తిడి వచ్చింది. అయినా కొద్దిరోజులకే రెండో పెళ్లి కూడా జరిగింది. నాకు ఇది మొదటిదానికంటే గొప్పగా అనిపిస్తుంది. మొదటిసారి ఆవేశం ఉంటుంది, రెండోసారి ఏం జరుగుతుందో తెలిసీ చెయ్యాలి. వీరేశలింగం గారి చేతుల మీదుగా మొత్తం దాదాపు నలభై పెళ్లిళ్లు జరిగాయంటారు. దక్షిణదేశ విద్యాసాగరుడు అన్న పేరు ఊరికే రాలేదు. దిక్కులేని వితంతువుల కోసం శరణాలయం పెట్టారు. చివరికి హితకారిణి సమాజం స్థాపించి తన ఆస్తంతా దానికి రాసిచ్చేశారు. రాజమండ్రి వెళ్తే ఆయన ఇల్లు ఇప్పటికీ ఉంది, చూడండి. అక్కణ్నుంచి గోదావరి దాకా ఒకసారి నడవండి. కెమెరా లేకుండా.

ఇంకో తరం తర్వాత వేరేవాళ్లు వేరే వరసల మీద చెయ్యి వేశారు. త్రిపురనేని రామస్వామి చౌదరి గారు "వివాహవిధి" అని రాసి, తెలుగులో, అందరికీ అర్థమయ్యే మాటలతో, బ్రాహ్మణ పురోహితుడు లేకుండా పెళ్లిళ్లు జరిపించే పద్ధతి తెచ్చారు. కృష్ణా, గుంటూరు వైపు అలా పెళ్లిళ్లు చేసుకున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. 1954లో ప్రత్యేక వివాహ చట్టం వచ్చింది. దాని కింద అయితే నెల రోజుల ముందు నోటీసు, ముగ్గురు సాక్షులు, అధికారి ముందు సంతకాలు. అంతే. 1955లో హిందూ వివాహ చట్టం వచ్చింది. రెండు పక్షాల్లో ఎవరిదో ఒకరి ఆచారం ప్రకారం జరిగితే చాలు అంది. ఆ ఆచారంలో సప్తపది ఉంటే ఏడో అడుగుతో పెళ్లి పూర్తయినట్టే.

అంటే చూడండి, 1881లో అన్ని వరసలూ ఉంటేనే పెళ్లి చెల్లేది. ఇప్పుడు చట్టానికి కావలసిన వరసలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నా షీట్లో ఉన్న నూట నలభైలో చట్టం అడిగేవి పది కూడా లేవు. మిగతావి మనం పెట్టుకున్నవి. తప్పని అనట్లేదు. మా చెల్లికి సన్నాయి కావాలి, నాకూ కావాలి. కానీ ఏది చట్టం, ఏది ఆచారం, ఏది పక్కింటివాళ్ల ఫంక్షన్‌లో చూసి వచ్చిన ఐడియా, వీటికి మూడు రంగులు వేసి చూస్తే షీట్ వేరేగా కనిపిస్తుంది. నేను వేశాను. మూడో రంగే ఎక్కువ.

ఇంకో కాలమ్ కూడా ఉంది కదా, "ఎవరు చూసుకోవాలి". ఊరు చేసిన పనిని ఇప్పుడు ఫంక్షన్ హాలు, కేటరర్, డెకరేషన్ వాళ్లు, ఫోటోగ్రాఫర్ పంచుకున్నారు. డబ్బిస్తే వస్తారు. వద్దనుకుంటే రారు, ఆ స్వేచ్ఛ వాళ్లకి ఉంది, అది మంచిదే. కానీ వాళ్లకి ఫోన్ చెయ్యడం, గుర్తు చెయ్యడం, బేరం ఆడటం, అడ్వాన్స్ ఇచ్చిన రశీదు దాచడం, ఎవరికి చీర పెట్టాలో ఎవరికి జాకెట్ ముక్క సరిపోతుందో తలలో పెట్టుకోవడం, ఈ పనిని ఎవరూ కొనుక్కోలేదు. అది ఇంట్లోనే ఉండిపోయింది. నేను ఆ కాలమ్‌ని ఫిల్టర్ చేశాను. నూట నలభై ఒకటిలో తొంభై రెండు చోట్ల ఒకటే పేరు. అమ్మ.

పెట్టింది నేనే. టైప్ చేసేటప్పుడు ఆలోచించను కూడా లేదు.

ఆ రాత్రి ఫోన్ చేసి, "అమ్మా, నీ పేరు మీద తొంభై రెండు ఉన్నాయి" అన్నాను. ఆవిడ పెద్దగా ఆశ్చర్యపోలేదు. "అంతేనా? తక్కువే రాశావు" అంది. రాజ్యలక్ష్మమ్మ గారి కథ చెప్పాను. మధ్యలో ఆపి, "పాపం, ఆవిడకి సాయం ఎవరూ రాలేదా?" అని అడిగింది. ఒక చరిత్ర ఎపిసోడ్ చెయ్యడానికి నేను ఇన్ని రోజులు చదివితే, మొదటి ప్రశ్న అమ్మ అడిగింది.

తర్వాత ఇద్దరం కూర్చుని తొంభై రెండూ చదివాం. ఇరవై తీసేశాం. రిటర్న్ గిఫ్టుల్లో రెండు రకాలు, ఎంట్రీకి పొగ మెషీను, ఇలాంటివి. చెల్లి పొగ మెషీను కోసం కొంచెం పోట్లాడింది, తర్వాత వదిలేసింది. ముప్పై ఏడు నావి. పన్నెండు నాన్నవి. నాన్న ఇప్పటిదాకా "ఏం కావాలో చెప్పండి, చేస్తా" అనే మనిషి. ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు, ఆయనే గుర్తుపెట్టుకోవాలి. నిన్న స్వయంగా మేళం వాళ్లకి ఫోన్ చేసి, వాళ్లకి టిఫిన్ ఎన్నింటికి కావాలో కూడా అడిగారట. నలభై ఏళ్లలో మొదటిసారి అని అమ్మ వీధంతా చెప్తోంది. మిగిలిన ఇరవై మూడూ తనకే ఉంచమంది. "అవి మీకు రావురా, చెడగొడతారు" అంది. అందులో తలంబ్రాల బియ్యం కూడా ఉంది. నేను వాదించలేదు.

నీళ్లు నేను తీసుకున్నాను. ఇరవై లీటర్ల క్యాన్లు, హాలు మొదటి అంతస్తులో ఉంది, లిఫ్టు పనిచేస్తుందో లేదో ఇంకా చూడాలి.

వచ్చే ఎపిసోడ్ యానాం మీద. 1930 ఏప్రిల్ 1న శారదా చట్టం అమల్లోకి వచ్చింది. పద్నాలుగేళ్లు నిండని ఆడపిల్లకి పెళ్లి చేస్తే నేరం. కానీ యానాం అప్పట్లో ఫ్రెంచి వాళ్లది, అక్కడ ఆ చట్టం లేదు. గోదావరి జిల్లాల నుంచి పిల్లల్ని తీసుకెళ్లి అక్కడ పెళ్లిళ్లు చేసేవారు. ఆ ఊరికి కల్యాణపురం అని పేరు కూడా వచ్చేసింది. వినడానికి ఎంత ముద్దుగా ఉందో చూడండి. ఆ ఎపిసోడ్ మాఘమాసం వెళ్లాకే వస్తుంది, ముందే చెప్తున్నాను.

ఉంటానండీ.